డీఎన్‌ఏ కారిపోతోంది, ట్రెడ్‌మిల్ దిగండి!

"పరిగెత్తితే మీ డీఎన్‌ఏ రక్తంలోకి కారిపోతుంది!" అనే వీడియో మీకూ వచ్చే ఉంటుంది, ఈపాటికి చుట్టాల గ్రూపుల్లో రెండు రౌండ్లు కొట్టి ఉంటుంది కూడా. ఎర్ర బాణం, విరిగిపోయిన డీఎన్‌ఏ బొమ్మ, గుండె దడ పుట్టించే మ్యూజిక్.

కాబట్టి ఇకమీదట సోఫాలో పడుకున్న పెద్దమనిషిని బద్ధకస్తుడు అనకండి. ఆయన వంశాంకురాన్ని కాపాడుతున్నాడు. రిమోట్ చెయ్యి చాస్తే అందదు, లేద్దామా అనుకుంటాడు, అమ్మో డీఎన్‌ఏ అని మళ్ళీ వెనక్కి వాలి మనవణ్ణి కేకేస్తాడు. ఆ వెర్రిబాగులవాడు మేడ మీది నుంచి దబదబా మెట్లు దిగి వచ్చి రిమోట్ చేతిలో పెట్టి మళ్ళీ పైకి పరిగెత్తుతాడు, దారిపొడవునా ఎంత డీఎన్‌ఏ ఒలకబోసుకున్నాడో ఏమో!

అసలు సంగతి ఏమిటంటే, కణాల బయట తిరిగే డీఎన్‌ఏ ముక్కలు అందరి రక్తంలోనూ ఎప్పుడూ ఉంటాయి. 1948లోనే మాండెల్, మెటే అనే శాస్త్రవేత్తలు ఈ విషయం చెప్పారు. ఆయాసం వచ్చేదాకా పరిగెత్తితే వాటి మోతాదు కొన్ని రెట్లు, ఒక్కోసారి పది రెట్లకు పైగా పెరుగుతుంది, నిజమే. అవి ఎక్కువగా తెల్లరక్తకణాల నుంచి, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్ నుంచి వస్తాయి, కండలు చిరిగిపోయి కాదు. ఆగి కూర్చుంటే రక్తంలోని ఎంజైములు ఆ ముక్కల్ని కోసేస్తాయి, లివర్ ఊడ్చేస్తుంది, గంటా రెండు గంటల్లో మళ్ళీ మామూలే. వీడియోలోని గ్రాఫ్ మాత్రం సరిగ్గా ఎక్కిన చోట ఆగిపోతుంది, దిగే సగం కత్తెరపాలు.

కత్తిరించక ఆ వీడియోవాడు ఏం చేస్తాడు, వీడియో కింద కాప్సూల్ అమ్మాలి కదా. పరిగెత్తించి రక్తం తీస్తాడు, కాప్సూల్ మింగించి, రెండు గంటలాగి మళ్ళీ తీస్తాడు, ఆహా తగ్గింది! నాయనా, చిటికెడు పంచదార మింగించినా తగ్గేది.

సోఫా పెద్దమనిషి సంగతి వదిలేయండి, ఆయనకు ఏదో ఒక సాకు కావాలి, దొరికింది. కానీ క్యాన్సర్ చికిత్స అయ్యాక, ఆ నీరసం తగ్గాలంటే నడవమని డాక్టరు చెబితే వరండాలో ఇప్పుడిప్పుడే నాలుగడుగులు వేస్తున్న మనిషి ఉంటుంది చూడండి, ఆమెకు ఈ డీఎన్‌ఏ మాట కొత్త కాదు, జబ్బు మళ్ళీ వచ్చిందేమోనని చేసే టెస్టుల్లో విన్నదే. ఆ టెస్టు రక్తంలోని డీఎన్‌ఏ ముక్కల్లో వెతికేది కణితి నుంచి వచ్చిన మార్పుల్ని. నడకతో పెరిగేది ఆమె సొంత తెల్లకణాల డీఎన్‌ఏ, మహా అయితే రక్తం ఇచ్చేముందు కాసేపు కూర్చోమంటే సరిపోయే విషయం. అంత చిన్న మాట దాచిపెట్టి, భయపెట్టి, ఆ నాలుగడుగులు కూడా మానిపించి, వీడు కూర్చుని లైకులు లెక్కపెట్టుకుంటున్నాడు. సిగ్గూ శరం ఉన్న మనిషి చేసే పనేనా ఇది?