కిటికీ పక్క మంచం గారికి

గౌరవనీయులైన మా హాస్టల్ త్రీ షేరింగ్ రూములోని కిటికీ పక్క మంచం గారికి,

నమస్కారాలు. సంక్రాంతికి ఊరెళ్లి నిన్న రాత్రే తిరిగొచ్చాను. పన్నెండు రోజులు నేను లేకుండా మీరెలా ఉన్నారోనని దారంతా ఒకటే బెంగ. పంతంగి టోల్‌గేటు దగ్గర బస్సు కదలకుండా నిలబడిపోయినప్పుడు కూడా మీరే గుర్తొచ్చారు. తీరా వచ్చి చూస్తే మీరు హాయిగానే ఉన్నారు. నా దిండు కవరు మీద అరచేయంత నూనె మరక. నేను తలకి నూనె రాయను.

మరక ఒక్కటే అయితే సరిపెట్టుకునేవాణ్ణి. తల పెట్టే వైపు గోడ మీద పెన్సిల్‌తో, గుండ్రటి అక్షరాల్లో, "ఆర్టికల్ 300ఎ – ఆస్తి హక్కు – 44వ సవరణ – 1978" అని రాసి ఉంది. కింద రెండు గీతలు కూడా. గ్రూప్స్ కోచింగ్ కోసం వచ్చిన కుర్రాడట. తొమ్మిది రోజులున్నాడట, రోజుకి 400. పక్క మంచం తమ్ముడు చెప్పాడు. పాపం ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. డబ్బులు కట్టాడు, పడుకున్నాడు, చదువుకున్నాడు.

నేనూ కట్టాను కదండీ! జనవరి నెలకి 7,000, 5వ తేదీకల్లా. ఆ కుర్రాడివి 3,600. ఒక్క నెలలో మీ సంపాదన 10,600. అంటే మీకు యాభై ఒక్క శాతం జీతం పెంపు. మా ఆఫీసులో నాకు ఎనిమిది శాతం ఇచ్చి, చేయి కలిపి, కష్టపడమన్నారు. మీరు కదలకుండా పడుకుని సాధించారు. అభినందనలు.

పొద్దున్నే అరిసెల డబ్బా పట్టుకుని ఓనర్ అంకుల్ దగ్గరికి వెళ్లాను. చేరిన రోజు ఆయన అన్న మాట నాకు బాగా గుర్తుంది: "పది రోజులు దాటి ఊరెళ్తే మెస్ డబ్బులు తగ్గిస్తాం తమ్ముడూ." ఇప్పుడు రెండో అరిసె నములుతూ, "పది కాదమ్మా, పదిహేను. నువ్వే సరిగ్గా వినలేదు," అన్నారు. పోనీ మంచం సంగతేంటంటే, "నీ బెడ్ నీకోసమే ఉంచాం కదా" అన్నారు. మరి నూనె మరక? "మా చుట్టాలబ్బాయి, ఒక రాత్రి ఆగాడంతే."

చుట్టాలబ్బాయి మెట్ల దగ్గరున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి మరీ పడుకున్నాడా?

నేను న్యాయం తెలియనివాణ్ణి కాను. బిల్డింగు అద్దె నేను ఊరెళ్లానని ఆగదు, కరెంటు మీటరు ఆగదు, వంటమనిషి జీతం ఆగదు. మంచం ఖాళీగా పెట్టి పూర్తి డబ్బులు తీసుకుంటే నోరు మూసుకుని కట్టేవాణ్ణి. రెండు ఆదివారాల చికెన్ పోయినా, మీ నీళ్ల సాంబారు తప్పింది కదా, అక్కడికక్కడికి సరి అనుకునేవాణ్ణి. మా ఇంట్లో పాలబ్బాయి ఐదో క్లాసు దాటలేదు. మేం లేని రోజుకి వంటింటి క్యాలెండర్ మీద సున్నా చుడతాడు, నెలాఖరుకి సున్నాలు లెక్కపెట్టి తీసేస్తాడు. అంతకన్నా పెద్ద లెక్క నేనూ అడగలేదు.

మీ జాతి చరిత్ర కొత్తదేమీ కాదులెండి. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే హాస్టళ్లు ఖాళీ చేయమంటే, మా సీనియర్లు పాస్‌ల కోసం పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరి, ఆంధ్రా సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఇరుక్కుపోయారు. ఆ నెల 29న కార్మికుల్ని నెల రోజులు అద్దె అడగొద్దని కేంద్రం ఉత్తర్వు ఇస్తే, మీవాళ్లు ఫోన్ చేసి, "సామాన్లు ఇక్కడే ఉన్నాయిగా" అన్నారట. ఇక జీఎస్టీ. నెలకి 20,000 లోపు అద్దె, కనీసం 90 రోజులు ఎడతెగకుండా ఉంటే పన్ను లేదని 2024లో అన్నారు. పన్ను దగ్గర నేను ఎడతెగకుండా ఉన్నవాణ్ణి. దిండు దగ్గర మాత్రం తెగిపోయినవాణ్ణి.

ఆ దిండు గురించే అసలు బాధ. మంచం నీది, పరుపు నీది, పరుపులో నల్లులు కూడా నీవే, కాదనను. దిండు నాది! అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద 350కి బేరమాడి కొన్నాను. అద్దెకిచ్చిన సామాన్లలో అది లేదు. నా సొంత దిండుని రోజుకి 400 ప్యాకేజీలో కలిపి అమ్ముకోవడానికి నీకెవరు చెప్పారు? ఉతికినా పోవడం లేదు. కవరు దాటి దూదిలోకి ఇంకింది. రాత్రి తల పెడితే ఎవరిదో కొబ్బరినూనె వాసన.

అయినా నిన్న రాత్రి నీ మీదే పడుకున్నాను. మధ్యలో నీ గుంట నా నడుముకి సరిగ్గా సరిపోయింది, ఇంటి దగ్గర పట్టెమంచం మీద కూడా అంత నిద్ర పట్టలేదు. సిగ్గులేదు నాకు.

గోడ మీద రాత చెరపలేదు. ఉగాదికి మళ్లీ నాలుగు రోజులు వెళ్లాలి. ఈసారి దిండు బ్యాగులో పెట్టుకుని వెళ్తాను.

ఇట్లు,
ఫిబ్రవరి ఫీజు కూడా కట్టబోయేవాడు