సవరణ: ఎంపీ పనితీరును అంకెల్లో చూసేటప్పుడు

హాజరు, ప్రశ్నలు, ఓట్లు, ప్రైవేటు బిల్లులు (మంత్రులు కాని సభ్యులు సొంతంగా పెట్టేవి) చూస్తే లోక్‌సభ సభ్యుల పనితీరు, ప్రాధాన్యాలు తెలిసిపోతాయని ముందు పోస్టులో రాశాను. దాన్ని ఈ సవరణతో కలిపి చదవండి.

మంత్రులు, ప్రతిపక్ష నేత హాజరు పట్టీలో సంతకం చేయరు. మంత్రులు ప్రశ్నలూ అడగరు, జవాబు చెప్పాల్సింది వాళ్లే. వాళ్ల పేరు పక్కన ఖాళీ ఉంటే సభకు రాలేదని కాదు.

ఓటు సంగతి ఇంకా ముఖ్యం. చాలా బిల్లులు మూజువాణి ఓటుతోనే, అంటే సభ్యులు అవును, కాదు అని నోటితో చెప్పడంతోనే గట్టెక్కుతాయి. అప్పుడు ఎవరు ఎటువైపు ఉన్నారో ఎక్కడా నమోదు కాదు. డివిజన్ జరిగితేనే, అంటే ఒక్కొక్కరి ఓటూ లెక్కపెడితేనే పేరుపేరునా తెలుస్తుంది. రాజ్యాంగ సవరణ బిల్లులకు అది తప్పనిసరి. అక్కడ కూడా, 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం పార్టీ విప్‌ను (ఇలా ఓటేయాలన్న పార్టీ ఆదేశాన్ని) ధిక్కరిస్తే సభ్యత్వమే పోవచ్చు. అలాంటి ఓటును ఆ ఎంపీ సొంత అభిప్రాయంగా లెక్కగట్టడం అన్యాయం.

ప్రైవేటు బిల్లు నెగ్గలేదని తప్పుపట్టడమూ అంతే. ఇప్పటిదాకా చట్టాలైనవి 14 మాత్రమే, చివరిది 1970లో. అయినా ఎంపీ మనసు ఏ సమస్య మీద ఉందో తెలుసుకోవడానికి నేను ముందు చూసేది ఆ బిల్లులనే.