ఇల్లు ఆ బిడ్డది కూడా

కొడుకుగా పెంచుకున్న బిడ్డ ‘నేను అమ్మాయిని’ అని చెప్పిన రోజు తల్లిదండ్రులను ముందుగా పట్టుకునేది భయం. నలుగురూ ఏమంటారు, చెల్లెలి పెళ్లి ఎలా అన్న టెన్షన్. ఆ భయమే ముదిరి తిట్లు, దెబ్బలు, భూతవైద్యం దాకా పోతోంది. కూతురిగా పెరిగి ‘నేను అబ్బాయిని’ అన్నవారి గతి ఇంకా ఘోరం. గదిలో పెట్టి తాళం వేసి, హడావుడిగా సంబంధం చూస్తారు.

ఇల్లు ఆ బిడ్డ హక్కు. ట్రాన్స్‌జెండర్ల హక్కులపై 2019లో చేసిన చట్టం, 12వ సెక్షన్‌లో, కన్నవారి ఇంట్లో ఉండే హక్కు వారికి ఉందని స్పష్టంగా రాసింది. కోర్టు ఉత్తర్వు లేకుండా పిల్లలను ఇంటి నుంచి వేరు చేయకూడదు. ఆస్తి తగాదా వస్తుందన్న బెంగకూ అర్థం లేదు. 2005 సవరణ తర్వాత హిందూ వారసత్వ చట్టంలో కొడుకైనా కూతురైనా వాటా ఒక్కటే.

అయినా చట్టం చూపించి తల్లి మనసు మార్చలేం. కొడుకు పోయాడన్నంత దుఃఖం ఆమెది. దాన్ని మేం తేలిగ్గా తీసుకోవడం లేదు. ‘అన్నయ్యా’ అని పిలిచిన నోటికి ‘అక్కా’ అనడం అలవాటు కావాలంటే నెలలు పడుతుంది. పాత పేరు నోరు జారి వచ్చేస్తుంది. సరిదిద్దుకుంటూ పోతే చాలు. చాలా ఇళ్లలో తల్లే ముందు దారికొస్తుంది, తండ్రికి తెలియకుండా ఫోన్ చేస్తుంది. కానీ బిడ్డ పంపే డబ్బు తీసుకుంటూ పండక్కి మాత్రం రావద్దనడం, పెళ్లికి పిలవకపోవడం, తండ్రి పోయినా చివరి చూపుకు రానివ్వకపోవడం అన్యాయం. దాన్ని సర్దుకుపోవడం అనలేం.

ప్రభుత్వాలు కొంత చేశాయి. ఆంధ్రప్రదేశ్ నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. తెలంగాణ 2024 చివర్లో హైదరాబాద్ ట్రాఫిక్ విధుల్లోకి ట్రాన్స్‌జెండర్లను తీసుకుంది. ఇవన్నీ ఇల్లు వదిలాక, పద్దెనిమిదేళ్లు నిండాక అందేవి. పదిహేనేళ్ల బిడ్డతో ఏం మాట్లాడాలో తెలియని అమ్మానాన్నలకు సాయపడే మనిషి ఒక్కరూ లేరు. ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఈ విషయం తెలిసిన కౌన్సెలర్‌ను నియమించాలి. ఆశా కార్యకర్తలకు, హైస్కూలు టీచర్లకు శిక్షణ ఇవ్వాలి. ఇదే దారి నడిచిన తల్లిదండ్రులను ఆ కౌన్సెలింగ్‌కు పిలిపించాలి. వాళ్ల మాట ఈ తల్లిదండ్రుల చెవికెక్కినట్టు డాక్టరు మాటా ఎక్కదు.