ఎన్నో నంబర్లో ఉన్నారో తెలియని జియో టీవీ గారికి

కరాచీలో కాపురం, దుబాయ్‌లో ప్లగ్గు, అప్పుడప్పుడూ అజ్ఞాతవాసం చేసే మహారాజశ్రీ జియో టీవీ గారి సముఖానికి, హైదరాబాదు నుంచి ఒక కేబుల్ చందాదారుడు నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ అందులో సగానికే నా హామీ. మేం కులాసా. మీ కులాసా కనుక్కుందామంటే దారి మూసేశారు. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో పర్యాటకుల్ని చంపిన వారం లోపే మా ప్రభుత్వం 16 పాకిస్తానీ యూట్యూబ్ ఛానెళ్ళను ఆపేసింది. అందులో మీ వార్తల ఛానెల్ ఉంది. మీ సీరియళ్ళ ఛానెల్ కూడా ఆ వెనకాలే వెళ్ళిపోయింది. వార్తలు పోతే పోనీ అనుకునేవాళ్ళు కూడా, సగంలో ఆగిన సీరియల్లో ఆ పిల్ల అత్తారింటికి తిరిగొచ్చిందో లేదో తెలియక ఉసూరుమన్నారు.

మధ్యలో మావాళ్ళకి ఒక మాట. ఈ ఉత్తరం సిమ్ కార్డు జియోకి కాదు, పాకిస్తాన్‌లో జంగ్ పత్రిక వాళ్ళు పెట్టిన ఉర్దూ టీవీకి. ఇక్కడ మీ పేరెత్తితే ‘రీచార్జ్ ఎంత?’ అని అడుగుతారు. ఏమీ అనుకోకండి.

మీ ఎదుగుదల చూసి ముచ్చటపడి రాస్తున్నాను. ఎవరైనా ఎంత పెరిగారో చెప్పుకోవాలంటే రేటింగులు చూపిస్తారు, కొత్త బిల్డింగు చూపిస్తారు. మీకా అవసరం లేదు. మిమ్మల్ని ఆపడానికి ఎంతటివాళ్ళు దిగిరావాల్సి వచ్చిందో చూస్తే చాలు. కానిస్టేబుల్‌తో మొదలై, సైన్యాధ్యక్షుడి మీదుగా, పరాయి దేశాల దాకా వెళ్ళింది మీ వైభవం. ఉర్దూలో ఇంత గిరాకీ ఉన్న టీవీ ఇంకోటి లేదు.

మీరు రాకముందు అక్కడ ఎంత ప్రశాంతంగా ఉండేదో! 1964లో లాహోర్‌లో పీటీవీ మొదలైన నాటి నుంచి దాదాపు నలభై ఏళ్ళు వార్త అంటే ప్రభుత్వం చెప్పింది, అంతే. 1999 అక్టోబర్ 12న సైనికులు ఇస్లామాబాద్‌లో పీటీవీ గేటెక్కి లోపలికి దూకారు. ఒక్క గేటు దూకితే దేశం మొత్తం చేతికొచ్చేసింది. ఆ గేటు దూకించిన ముషారఫ్ గారే, కార్గిల్ యుద్ధమప్పుడు తన జనం మా ఛానెళ్ళు చూసి వార్తలు తెలుసుకున్నారని మనసు నొచ్చుకుని, 2002లో ప్రైవేటు టీవీలకి తలుపులు తీశారు. మార్చిలో పెమ్రా అనే నియంత్రణ సంస్థను పెట్టారు. ఆగస్టు 14న మీ పరీక్షా ప్రసారాలు మొదలయ్యాయి. అంటే మీకన్నా మీకు వేయబోయే జరిమానా అయిదు నెలలు పెద్దది.

మీరూ తక్కువవారు కాదు. స్టూడియో కరాచీలో పెట్టి, ఉపగ్రహానికి సిగ్నల్ మాత్రం దుబాయ్ నుంచి పంపారు. ప్లగ్గు పొరుగూళ్ళో ఉంటే ఇంట్లోవాళ్ళు పీకలేరని ధీమా. వార్తలకొకటి, సీరియళ్ళకొకటి, ఆటలకొకటి, కుర్రాళ్ళకొకటి అంటూ చకచకా విస్తరించారు.

2007 మార్చిలో ముషారఫ్ గారు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తినే పక్కన కూర్చోబెట్టారు. లాయర్లు రోడ్డెక్కారు, మీ కెమెరాలు వాళ్ళ వెంటపడ్డాయి. 16వ తేదీన పోలీసులు మీ ఇస్లామాబాద్ ఆఫీసులోకి జొరబడ్డారు. ఎవడి ఐడియానో గానీ, ఇన్నిన్ని కెమెరాలున్న ఇంటికే లాఠీలు పట్టుకెళ్ళి అద్దాలు పగలగొట్టారు. పగిలిన ప్రతి అద్దమూ ప్రత్యక్ష ప్రసారమే. ముషారఫ్ గారు మీ ఛానెల్లోనే క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అంతటి పబ్లిసిటీ డబ్బులు పెట్టి కొనాలంటే దొరుకుతుందా?

నవంబర్ 3న ఎమర్జెన్సీ వచ్చింది. కేబుల్లో ప్రైవేటు వార్తా ఛానెళ్ళన్నీ మాయం. జనం డిష్షుల కోసం షాపుల మీద పడ్డారు. ప్రభుత్వం డిష్షుల దిగుమతి ఆపింది. మీ యాంకర్ హమీద్ మీర్ రోడ్డుమీద కుర్చీలు వేయించి అక్కడే టాక్ షో నడిపాడు. ఇంటికి టీవీ రాకపోతే టీవీ దగ్గరికే జనం వచ్చారు. అప్పుడు ముషారఫ్ గారికి మీ ప్లగ్గు ఎక్కడుందో గుర్తొచ్చింది. నవంబర్ 16 అర్ధరాత్రి దుబాయ్ కూడా మిమ్మల్ని ఆపేసింది. ప్లగ్గు పీకడానికి పాస్‌పోర్టు కూడా అక్కర్లేదని, ఒక్క ఫోన్‌కాల్‌తో పనైపోతుందని ఆ రాత్రి తెలిసొచ్చింది.

నియంత పోతే కష్టాలు తీరతాయనుకున్నారు కదూ. 2008లో జనం ఎన్నుకున్న ప్రభుత్వం వచ్చింది, ఆగస్టులో ఆయన రాజీనామా చేశారు. 2009 మార్చిలో లాయర్ల లాంగ్ మార్చ్ మొదలవగానే మీరు మళ్ళీ కేబుల్లోంచి గాయబ్. ఈ దెబ్బకి సమాచార మంత్రి షెర్రీ రెహ్మాన్ తన సొంత ప్రభుత్వం నుంచే రాజీనామా చేసింది. ఇలాంటి మంత్రి మాకు కనపడితే ఫొటో కట్టించుకుంటాం. 2010 ఆగస్టులో బర్మింగ్‌హామ్ సభలో అధ్యక్షుడు జర్దారీ మీదికి ఒకడు చెప్పు విసిరాడు. చెప్పు బర్మింగ్‌హామ్‌లో పడితే తెర కరాచీలో నల్లబడింది.

మీ మీద జరిగిన అన్ని ప్రయోగాల్లోనూ నాకు బాగా నచ్చింది నంబరు మార్చడం. దీనికి లాఠీ అక్కర్లేదు, ఆర్డినెన్స్ అక్కర్లేదు. వార్తా ఛానెళ్ళ వరసలో ముందున్న మిమ్మల్ని తీసుకెళ్ళి తోక చివర, చుక్కలు పడే చోట పెడతారు. ఇంట్లో పెద్దాయన అలవాటైన నంబరు నొక్కుతాడు. ఎవరో ఉల్లిపాయలు వేయిస్తుంటారు. మళ్ళీ నొక్కుతాడు, అవే ఉల్లిపాయలు, కాస్త ఎర్రబడి ఉంటాయి. బ్యాటరీలు తీసి, చేత్తో రుద్ది, మళ్ళీ పెట్టి, రిమోట్ వీపుమీద రెండు చరుస్తాడు. తర్వాత విసుగొచ్చి పడుకుంటాడు. వాక్‌స్వాతంత్ర్యానికి ఏ లోటూ రాలేదు. మీరు మాట్లాడుతూనే ఉన్నారు, ఆయనే నిద్రపోయాడు.

2018 ఏప్రిల్‌లో దీన్ని కళగా మార్చేశారు. దేశంలో చాలా చోట్ల మీరు కనపడటం లేదు. పెమ్రాని అడిగితే మేం చెప్పలేదంది. మంత్రులు తమకేమీ తెలియదన్నారు. కాగితమ్మీద ఆర్డరనేదే లేదు. కేబుల్ వాలా మాత్రం కళ్ళతో పైకి చూపిస్తాడు, పైన ఫ్యాను తిరుగుతుంటుంది. ఆ ఏడాది ఎన్నికల్లోనే ముల్తాన్ అభ్యర్థి ఒకాయన తనను నిఘా సంస్థ వాళ్ళు కొట్టారని చెప్పి, మర్నాటికల్లా కాదు కాదు, కొట్టింది వ్యవసాయ శాఖ వాళ్ళన్నాడు. అప్పటి నుంచి పాకిస్తాన్‌లో ‘వ్యవసాయ శాఖ’ అంటే అందరూ అర్థం చేసుకుని నవ్వుకుంటారు. మీ విషయంలో మాత్రం ఆ పేరు అతికినట్టు సరిపోయింది. నారు పీకినట్టు ఒక నంబర్లోంచి పీకి ఇంకో నంబర్లో నాటడం వాళ్ళకి కాక ఇంకెవరికి చేతనవుతుంది?

ఇదంతా చదివి మీరు మరీ ఛాతీ విరవకండి. 2013 రంజాన్‌లో మీ స్టూడియోలో బైకులు, ఫ్రిజ్‌లు పంచే షోలోనే పసిబిడ్డల్ని పిల్లల్లేని దంపతుల చేతుల్లో పెట్టారు, కెమెరాల ముందు, చప్పట్ల మధ్య. పుణ్యానికి పుణ్యం, రేటింగుకి రేటింగు. 2014 ఏప్రిల్‌లో కరాచీలో హమీద్ మీర్ మీద కాల్పులు జరిగాయి. ఆయన తమ్ముడు ఐఎస్ఐ అధిపతి మీద ఆరోపణ చేస్తే, ఆ అధిపతి ఫొటో గంటల తరబడి తెరమీద పెట్టి తిప్పారు. బాధ నిజమే. కానీ ఆధారం దొరికేదాకా ఆగడం మీ బ్రేకింగ్ న్యూస్ ఎర్ర పట్టీకి అలవాటు లేదు. మే నెలాఖరుకి జంగ్ మొదటి పేజీలో సైన్యానికి క్షమాపణ అచ్చేశారు. జూన్‌లో అదే ఐఎస్ఐకి 5 వేల కోట్ల రూపాయలకి పరువునష్టం నోటీసిచ్చారు. కాళ్ళు పట్టుకున్న చేత్తోనే కాలర్ పట్టుకోవడం నేనింతవరకు ఎక్కడా చూడలేదు. పెమ్రా జూన్ 6న 15 రోజుల నిషేధం, కోటి రూపాయల జరిమానా వేసింది.

ఆ రోజుల్లో మీ పోటీదారు ఏఆర్‌వై ఛానెల్లో మీరు దేశద్రోహులని ఊదరగొట్టారు. మీ యజమాని మీర్ షకీలుర్ రెహ్మాన్ లండన్ కోర్టుకెళ్ళి 2016లో 1,85,000 పౌండ్ల నష్టపరిహారం గెలిచారు. సిగ్నల్‌కి దుబాయ్, న్యాయానికి లండన్! మరి ఏఆర్‌వై? మీ శిక్ష పూర్తయిన కొన్ని నెలలకే, 2014 అక్టోబర్‌లో, దానికీ 15 రోజులు, కోటి రూపాయలు పడింది. పెమ్రాలో అందరికీ ఒకటే రేటు, బేరాల్లేవ్.

మీరు చీకట్లో ఉన్న ఆ 2014 జూన్‌లోనే ఇక్కడ కొత్తగా పుట్టిన తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి కేబుల్లోంచి మాయమయ్యాయి. అది ఎంఎస్‌ఓల, అంటే కేబుల్ వాలాలకి సిగ్నల్ ఇచ్చే పెద్ద కంపెనీల, సొంత నిర్ణయం అన్నారు. పదేళ్ళ తర్వాత, 2024 జూన్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారగానే టీవీ9, ఎన్‌టీవీ, సాక్షి చాలా ఇళ్ళలో రావడం మానేశాయి. మాకేం సంబంధం అన్నారు అధికార పార్టీ వాళ్ళు. టీవీ9 వాళ్ళు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళారు. పార్టీలు వేరు, ఛానెళ్ళు వేరు, కేబుల్ వాలా కళ్ళు మాత్రం అక్కడా ఇక్కడా పైకే. మా వ్యవసాయ శాఖ కూడా బాగానే పనిచేస్తోందండీ.

2020 మార్చిలో మీ యజమానిని 1986 నాటి భూమి వ్యవహారంలో అరెస్టు చేశారు. 34 ఏళ్ళు పురుగు పట్టకుండా ఫైలు దాచినవాళ్ళ ఓపికకి దండం పెట్టాలి. వెంటనే మీ నంబర్లు మళ్ళీ వెనక్కి. 2022 జనవరిలో కోర్టు ఆయన్ని నిర్దోషి అంది. ఈలోగా 2021 మేలో, ఒక జర్నలిస్టు మీద దాడిని ఖండిస్తూ హమీద్ మీర్ వీధిలో ఘాటుగా మాట్లాడితే ఆయన షోని మీరే ఆపేశారు. దుబాయ్ కాదు, ముషారఫ్ కాదు, మీరే. ఇన్నేళ్ళ అనుభవం ఊరికే పోతుందా? ఆయన మళ్ళీ తెరమీదికి వచ్చేసరికి 2022 మార్చి అయింది. ఆ ఆగస్టులో ఏఆర్‌వై న్యూస్ వంతు వచ్చింది. అధికారంలో వేరే పార్టీ, అదే ఫ్యాను.

అడగకూడదు గానీ ఒక చిన్న విన్నపం. ఈసారి ఏఆర్‌వై వాళ్ళు మాయమైతే మీ ఎర్ర పట్టీమీద వాళ్ళకోసం ఒక్క లైన్ తిప్పండి. మీరు మాయమైతే వాళ్ళూ తిప్పుతారని ఆశ పెట్టుకోకండి, ఊరికే టెన్షన్.

జవాబు పోస్టులో వెయ్యకండి. 2025 మే నుంచి రెండు దేశాల మధ్య ఉత్తరాలు కూడా బంద్. మీకెలాగూ దుబాయ్ అలవాటే. అక్కడ మా కరీంనగర్, జగిత్యాల వాళ్ళు బోలెడుమంది ఉన్నారు. ఎవరి చేతికిచ్చినా సెలవుకి వచ్చేటప్పుడు తెచ్చిపెడతారు. కవరు మీద మీ ప్రస్తుత నంబరు మాత్రం రాయకండి, అది ఇక్కడికి చేరేలోపు మారిపోతుంది.

ఇట్లు,
రిమోట్ వీపు చరిచి చరిచి చెయ్యి నొప్పి పుట్టిన
ఒక కేబుల్ చందాదారుడు