గోడ మీది నీటి గీత

విజయవాడ సత్యనారాయణపురంలో, ఒక మేడ మీది రేకుల గదిలో, మే నెల సాయంత్రం జరిగిన వాదమిది. ఒకరు ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్లు డ్రాయింగ్ చెప్పి రిటైరైన మాస్టారు. రెండవవారు ఆయన దగ్గరే లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలకు తయారై, పదిహేనేళ్లుగా నైరూప్య చిత్రాలు, అంటే గుర్తుపట్టే బొమ్మ లేకుండా రంగులు, గీతలతోనే నడిచే చిత్రాలు, వేస్తున్న చిత్రకారిణి. వారి ఎదుట గోడకు ఆనించి, నేల మీదే నిలబెట్టిన ఆరడుగుల కాన్వాస్ ఉంది. కింద చాలా భాగం మట్టి రంగు, పైన కొద్ది మేర సున్నపు తెలుపు, ఆ రెండింటి నడుమ అడ్డంగా ఒకే ఒక గీత. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఊళ్లోని సింగ్ నగర్ మునిగినప్పుడు ఇళ్ల గోడల మీద మిగిలిపోయిన నీటి గుర్తు నుంచి ఈ చిత్రం పుట్టిందని ఆమె చెప్పడంతో మాట మొదలైంది. నా మొగ్గు ఆమె వైపే. అయినా మాస్టారి ప్రశ్నలు బలమైనవి కనుక వాటి పదును తగ్గించి రాయలేదు.

మాస్టారు: ఆ వరదలో మా ఇల్లూ మునిగిందమ్మా. మేడ మీద ఉండి, పాల ప్యాకెట్ కోసం చేతులు చాచిన వాళ్లను చూశాను. ముసలి తల్లిని ప్లాస్టిక్ టబ్బులో కూర్చోబెట్టి, మెడలోతు నీళ్లలో తోసుకుంటూ వెళ్లిన కొడుకును చూశాను. మనిషిని గీయడం చక్కగా వచ్చిన చెయ్యి నీది. అలాంటి చేత్తో ఆ మనుషులందరినీ తీసేసి గీత ఒక్కటే మిగల్చడం నాకు అన్యాయంగా తోస్తోంది.

చిత్రకారిణి: వాళ్లను గీయకుండా ఇక్కడికి రాలేదు మాస్టారూ. పడవలు, టబ్బులు, మెట్ల మీద ఆరబెట్టిన పరుపులు, అన్నీ గీసిన స్కెచ్ పుస్తకాలు రెండు ఆ బీరువాలో ఉన్నాయి. కానీ ఏ బొమ్మ చూసినా అప్పటికే అందరి ఫోన్లలో ఉన్న ఫొటోకు నకలులా అనిపించింది. నీళ్లు తీశాక ఇంటింటికీ తిరుగుతున్నప్పుడు ఒక ఇంట్లో గుమ్మం చెక్క మీద పిల్లవాడి ఎత్తు కొలిచి పెన్సిల్‌తో పెట్టుకున్న గీతలు కనిపించాయి. ఒక్కో పుట్టినరోజుకు ఒక్కో గీత, పక్కన తేదీ. అన్నిటికంటే పైనున్న పెన్సిల్ గీతకు రెండు వేళ్లు ఎగువన బురద గీత ఉంది. ఆ గుమ్మం ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

మాస్టారు: మరి ఆ గుమ్మమే వెయ్యి! అంతకంటే గొప్ప చిత్రం ఏముంటుంది?

చిత్రకారిణి: మూడుసార్లు వేశాను. చూసినవాళ్లు ఆ పిల్లవాడు ఏమయ్యాడని అడిగారు, క్షేమంగా ఉన్నాడని చెప్పగానే ఊపిరి పీల్చుకుని పక్క చిత్రం దగ్గరికి వెళ్లిపోయారు. నన్ను అక్కడ నిలబెట్టింది పిల్లవాడి కథ ఒక్కటే కాదు. ఆ గీత దేవుడి పటం మీదుగా, స్విచ్ బోర్డు మీదుగా, క్యాలెండరు మీదుగా, పెళ్లి ఫొటో మీదుగా ఎక్కడా ఆగకుండా ఒకే మట్టాన సాగిపోయింది. దేన్నీ గుర్తుపట్టని ఆ సమమట్టమే నాకు వరద. దాన్ని పట్టుకోవాలంటే చుట్టూ ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తీసేయక తప్పలేదు.

మాస్టారు: తీసేయడాన్ని నేను తప్పుపట్టను. డచ్ చిత్రకారుడు మోండ్రియన్ కూడా 1908 నుంచి 1912 దాకా చెట్టునే మళ్లీ మళ్లీ వేసుకుంటూ పోయి, చివరకు కొమ్మలన్నీ వంపు గీతలుగా మిగిలేదాకా వచ్చాడు. చిన్ననాడు మనసు నిలవని మన దేశపు చిత్రకారుడు రజాకు బడిలో పంతులు గోడ మీద చుక్క పెట్టి దాన్నే చూడమన్నాడు; 1950లో పారిస్ వెళ్లి, ప్రకృతి దృశ్యాలు ఎన్నో వేసి, ఆయన ఆ చుక్క దగ్గరికి ‘బిందువు’గా తిరిగి వచ్చేసరికి యాభై దాటాయి. వాళ్ల దారి నాకు అర్థమవుతుంది. నా చిక్కు వేరు. ముక్కు వంకరపోతే తప్పని నీకు ఎనిమిదో తరగతిలోనే చెప్పగలిగాను. ఎక్కడ తప్పు జరిగిందో చెప్పడానికి వీల్లేని పనిలో ఎక్కడ ఒప్పు జరిగిందో ఎలా చెబుతావు?

(ఈ ప్రశ్నకు ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. లేచి వెళ్లి, మూల గోడకు తిప్పిపెట్టిన రెండు కాన్వాసులను వెలుగులోకి తెచ్చింది. నైరూప్య చిత్రకళ గురించి మాట్లాడేవాళ్లు చెడిపోయిన చిత్రాలను చూపించడం అరుదు. ఆమె వాటితోనే మొదలుపెట్టడం నాకు నచ్చింది.)

చిత్రకారిణి: మొదటిది చూడండి. సింగ్ నగర్ నుంచి సంచిలో తెచ్చుకున్న బురదనే ఎండబెట్టి, జల్లించి, రంగులో కలిపాను. ఆరాక పగుళ్లిచ్చింది, అది పెద్ద విషయం కాదు. బురదను బురదతోనే చూపిస్తే, అది సాక్ష్యంగా తెచ్చిపెట్టిన వస్తువులా ఉంది తప్ప చిత్రంగా నిలవలేదు. రెండో దానిలో గీతను సరిగ్గా మధ్యలో వేశాను. దానికి రెండు నెలలు పట్టింది. వచ్చిన మొదటి మనిషే, సముద్రం చాలా ప్రశాంతంగా ఉందన్నారు. గోడ కావలసింది సముద్రమైంది మాస్టారూ. ఇంతకంటే తప్పు ఏం కావాలి?

మాస్టారు: అది చూసేవారి తప్పు కావచ్చు కదా?

చిత్రకారిణి: కాదు, నాదే. అడ్డగీత మధ్యలో పడితే కంటికి దిగంతమే కనిపిస్తుంది, అందులోనూ అంచును వేలితో రుద్ది మెత్తబరిచాను. అందుకే ఈ మూడోసారి గీతను పైకి జరిపి, చూసేవారి గడ్డం ఎత్తున పెట్టాను. కాన్వాసును నేలకు దించాను. అంచును టేపు వేసి కోసినట్టు ఉంచాను. పైనున్న తెలుపు కోసం పడిన శ్రమ చెప్పమంటే చెబుతాను. రంగు పట్టడానికి అడుగుపూతగా వేసే జెస్సో మూడు పూతలు పూసి, ఒక్కోటి ఆరాక గరుకు కాగితంతో రుద్దాను. ఈ ఎండల్లో ఆక్రిలిక్ రంగు పాలెట్ మీదే బిగుసుకుపోతుంది కనుక తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెట్టి ఏడింటికల్లా ఆపేసేదాన్ని. తెలుపులో కాస్త ఎల్లో ఓకర్ అనే మట్టి పసుపు, చూపుకు ఆననంత నీలం కలిపి, పల్చగా రోలర్‌తో ఎక్కించి, తడి ఆరకముందే గుడ్డతో అద్ది, మళ్లీ ఎక్కిస్తూ పోతే, పదకొండో పూత దగ్గర పాత సున్నపు గోడకుండే లోపలి వెలుగు వచ్చింది. పన్నెండోది వేస్తే పోయింది. పాలెట్ నైఫ్‌తో గీకి వెనక్కి వచ్చాను. మిగతా రోజులన్నీ రంగు ముట్టకుండా చూస్తూ కూర్చున్నవే. రోలరూ, నైఫూ పట్టుకుని పనిచేసిన నైరూప్య చిత్రకారుడు గాయ్‌తోండే ఏడాదికి కొద్ది చిత్రాలే ఎందుకు వేసేవారో ఇక్కడ కూర్చున్నాకే నాకు తెలిసింది.

మాస్టారు: శ్రమను నేను కాదనను. కానీ నీ తప్పొప్పులు నీకే తెలుస్తాయి. సంక్రాంతికి మీ అమ్మ వేసే ముగ్గులో కూడా బొమ్మ ఉండదు, అయినా ఒక చుక్క తప్పితే వీధి చివరి నుంచి నడిచి వచ్చే ఆడపిల్ల కూడా ఆగి చెబుతుంది. అమరావతి శిల్పాల్లో పాతవి చూడు. బుద్ధుడు ఉండవలసిన చోట ఖాళీ ఆసనం, పాదాల గుర్తులు ఉంటాయి. ఆ ఖాళీ ముందు చేతులు జోడించినవాళ్లకు అక్కడ ఎవరున్నారో తెలుసు. అది అందరి భాష. నీ గీత నీ ఒక్కదాని భాష.

చిత్రకారిణి: ఆ ఆసనం ముందు జోడించిన చేతులను కూడా శిల్పి చెక్కాడు కాబట్టి మనకు దారి దొరికింది. నా చిత్రంలో చేతులు లేవు, ఒప్పుకుంటాను. కానీ ఈ ఊళ్లో ఈ గీత నా ఒక్కదాని భాష కాదు. నీళ్లు ఎంతవరకు వచ్చాయని అడిగితే సింగ్ నగర్‌లో ఎవరైనా మాట చెప్పే ముందు చెయ్యి అడ్డంగా పెట్టి చూపిస్తారు. మీరూ అలాగే చూపించారు, ఇందాక మెట్లెక్కి వస్తూ.

మాస్టారు: ఊరు దాటితే?

చిత్రకారిణి: ఊరు దాటితే ఏమవుతుందో నాకూ భయమే. మళ్లీ ఎవరికో సముద్రంగా కనిపించవచ్చు. దాని కోసం పక్కన చీటీ మాత్రం అతికించను.

(మాస్టారు కుర్చీలోంచి లేచి కాన్వాస్ దగ్గరికి వెళ్లారు. గీత ఆయన గడ్డానికి సరిగ్గా తగిలే ఎత్తున ఉంది. కళ్లజోడు తీసి, అంచు వెంట ఎడమ నుంచి కుడికి నెమ్మదిగా చూసుకుంటూ పోయారు.)

మాస్టారు: ఒకటే గీత వేశావేం? మా ఇంట్లో రెండున్నాయి.

చిత్రకారిణి: రెండా?

మాస్టారు: బురద గీత ఇలాగే సమంగా ఉంది. దానికి జానెడు పైన చెమ్మ గీత ఉంది. నీళ్లు తీసేశాక గోడ పీల్చుకున్న తడి పైకి పాకిన గుర్తు అది. అది సమంగా ఉండదు, అల అలగా ఉంటుంది. కిటికీ మూల దగ్గర మూరెడు ఎక్కింది. చలికాలంలో దాని వెంట ఉప్పు పొంగింది, చేత్తో తుడిస్తే తెల్లగా పొడి రాలేది. నీళ్లు వెళ్లిపోయాయని మేము అనుకున్న తర్వాత కూడా అది పైకి పోతూనే ఉంది.

చిత్రకారిణి: నేను అక్టోబరు తర్వాత ఆ ఇళ్లకు వెళ్లలేదు మాస్టారూ. మీరు గోడకు సున్నం వేయించేశారా?

మాస్టారు: ముందు గదికి వేయించాను. వెనక గది అలాగే ఉంది.

చిత్రకారిణి: రేపు పొద్దున వస్తాను.

మాస్టారు: ఏడు లోపు రా. ఆ గదిలోకి ఎండ పక్కవాటుగా పడేది అప్పుడే, ఉప్పు కనిపిస్తుంది.