మూడో ఊరికి గుర్తింపు కావాలి

మహానగరం పక్కన చిన్న పట్టణంలో కాపురముండి, రోజూ నగరానికి వెళ్లి వచ్చేవారికి రెండు ఊళ్లు ఉన్నాయని లోకం అనుకుంటుంది. ఇది పొరపాటు. పడుకోవడానికి ఒక ఊరు, పనిచేయడానికి మరో ఊరు ఉన్నమాట నిజమే కానీ, ఈ రెండింటి మధ్య సగం మెలకువలోనో, ఒంటికాలి మీదనో వారు అసలు బతుకుతున్నది మూడో ఊరిలో. దానికి పొలిమేరలు లేవు, పురపాలక సంఘం లేదు, కనీసం పేరైనా లేదు. ఆ ఊరికి తక్షణమే అధికారిక గుర్తింపు ఇవ్వాలని సవినయంగా కోరుతున్నాను.

ఇటువంటి పట్టణాన్ని జపాన్ వారు ‘బెడ్ టౌన్’ అంటారు, జర్మన్లు ‘ష్లాఫ్‌ష్టాట్’ అంటారు. ఒకరు పడకను చెప్పారు, మరొకరు నిద్రను చెప్పారు. నివాసులు అక్కడ చేసే ఏకైక పనిని బట్టి ఊరికి పేరు పెట్టిన ఆ నిజాయతీ మెచ్చదగినదే. రోజూ పనికి వెళ్లి రావడానికి ఇంగ్లీషు వారు వాడే ‘కమ్యూట్’ అన్న మాట మరీ లోతైనది. 19వ శతాబ్దంలో అమెరికా రైలు కంపెనీలు, రోజూ ప్రయాణించేవారి విడి టికెట్ల ఖర్చును తగ్గించి ఒకే మొత్తంగా మార్చి ఇచ్చిన టికెట్టు నుంచి ఆ వాడుక పుట్టింది. న్యాయస్థానాల్లో ఉరిశిక్షను యావజ్జీవంగా మార్చడానికి వాడేదీ అదే మాట. తేడా అల్లా, ఖైదీకి సత్ప్రవర్తన చూసి ముందుగా విడుదల చేసే అవకాశం ఉంది. సీజన్ టికెట్టు వారికి నెలనెలా పునరుద్ధరణ ఉంది.

ఈ పరిస్థితికి కొందరు ఇంగ్లండు నగర ప్రణాళికల ఆలోచనాపరుడు ఎబెనెజర్ హోవర్డ్‌ను నిందిస్తారు కానీ, ఆ పెద్దమనిషికి అన్యాయం చేయకూడదు. పల్లె గాలీ, నగరపు జీతమూ ఒకేచోట దొరకాలని 1898లో ఆయన ఉద్యానవన నగరాన్ని ప్రతిపాదించినప్పుడు, సుమారు 32,000 మంది ఉండే ఆ పట్టణంలోనే కర్మాగారాలు కూడా ఉండాలన్నాడు. తరువాతి స్థిరాస్తి వ్యాపారులు ఆయన పథకంలోంచి ‘ఉద్యానవన’ అన్న విశేషణాన్ని భద్రంగా తీసుకుని, కర్మాగారాన్ని నగరంలోనే వదిలేశారు. అంతకన్నా లౌక్యం తెలిసినవాడు జపాన్‌కు చెందిన రైలు వ్యాపారి ఇచిజో కొబయాషి. 1910లో ఒసాకా నుంచి పల్లెల మీదుగా వేసిన రైలుకు ఎక్కేవారు చాలరని గ్రహించి, దారిలో ఇకెదా దగ్గర ఇళ్లు కట్టించి నెలవారీ వాయిదాల మీద అమ్మాడు. 1929లో నగరం చివర, ఉమెదా స్టేషన్ దగ్గర, పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోరే తెరిచాడు. ఇంటి వాయిదా, దారి ఖర్చు, దిగాక కొనే సరుకుల ఖరీదు మూడూ ఒకే గల్లాపెట్టెలో పడేవన్నమాట. ప్రయాణికుల కోసం రైలు వేసినవారు చాలామంది ఉన్నారు. రైలు కోసం ప్రయాణికులను నాటి పెంచినవాడు ఆయన.

కొనేవారి అమాయకత్వానికీ ఇందులో వాటా ఉంది. ‘నగరానికి నలభై నిమిషాలే’ అని కరపత్రంలో ఉంటుంది. అది అబద్ధం కాదు. తెల్లవారుజామున మూడు గంటలకు, వాన లేని రోజున, ఇంటి గడప దగ్గర కాక పట్టణపు చివరి మలుపు దగ్గర గడియారం మొదలుపెట్టి, నగరం పేరున్న మొదటి బోర్డు దగ్గర ఆపితే అక్షరాలా నలభై నిమిషాలే పడుతుంది. ఉదయం ఎనిమిదింటికి బయల్దేరేవారి నిమిషాలు వేరే జాతివి. రోడ్డు వెడల్పు చేస్తే సరిపోతుందనేవారికి అమెరికా ఆర్థికవేత్త ఆంథొనీ డౌన్స్ 1962లోనే జవాబు చెప్పాడు: రద్దీ వేళల్లో రహదారిని ఎంత పెంచితే అంతా నిండుతుంది. మనిషి ఏ యుగంలోనైనా రోజుకు సగటున ఒక గంట ప్రయాణానికి కేటాయిస్తాడని, వాహనం వేగం పెరిగితే ఆ సమయం మిగుల్చుకోకుండా ఇంటినే ఇంకాస్త దూరం జరుపుకుంటాడని ఇటలీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త చెజారె మార్కెట్టి 1994లో రాశాడు. ఒక్క గంటేనా! ఇంట్లో కూర్చుని పనిచేసే పుణ్యాత్ములెవరో తమ వాటా గంటలను కూడా మాకే దానం చేసినట్టున్నారు.

మూడో ఊరికి ఊరి లక్షణాలన్నీ ఉన్నాయి. నాకు ఇన్నేళ్లుగా మా ఎదురింటాయన ముఖం సరిగా తెలియదు. నాలుగో బోగీలో రెండో తలుపు దగ్గర నిలబడే నడివయసు మనిషి మాత్రం బాగా తెలుసు. పైన వేలాడే పట్టీలోకి మణికట్టు దాకా చెయ్యి దూర్చి, సంచిని పొట్టకు ఆనించుకుని, నిలువునా నిద్రపోతాడు. గురక పెట్టడు, పక్కవారి మీద ఒరగడు. స్టేషన్ ముందరి వంతెన మీద చక్రాల చప్పుడు మారగానే కళ్లు తెరిచి, ముందు నడుము, తరువాత మెడ సరిచేసుకుంటాడు. ఒక ఆదివారం పట్టపగలు తెలిసింది, ఎదురింటాయన ఆయనే. మేమిద్దరం ఆశ్చర్యం నుంచి తేరుకునేలోగా వీధి కుక్క మా మీద మొరిగింది. రోజూ చీకట్లో వచ్చే మమ్మల్ని తోక ఊపి పలకరించే ప్రాణికి వెలుతురులో మేం పరాయివాళ్లమే కదా, దాని తప్పేమీ లేదు.

ప్రభుత్వం మనం పడుకున్న చోట పేరు రాసుకుంటుంది, యాజమాన్యం కూర్చున్న చోట రాసుకుంటుంది. నిలబడ్డ చోట రాసుకునే నాథుడు లేడు. కనుక ‘నాలుగో బోగీ, రెండో తలుపు’ అన్నదాన్ని శాశ్వత చిరునామాగా అంగీకరించాలి, ఆ వార్డుకొక సభ్యుణ్ణి ఎన్నుకోనివ్వాలి. ఈ కోరికలను తీర్మానంగా రాయడానికి సర్వసభ్య సమావేశం జరపాలని గత నెల నిర్ణయించాం. వెళ్లేటప్పుడు పెడితే సభ్యులు ఇంకా నిద్ర లేవలేదు, వచ్చేటప్పుడు పెడితే అప్పటికే నిద్రపోయారు. ఆదివారం పెడదామని ఎదురింటాయన సూచించాడు గాని, సెలవురోజున అంత దూరం ఎవరొస్తారని అందరూ విసుక్కున్నారు.