శ్రీజేష్ పోస్టుకి చిన్న సవరణ

మొన్న మన హాకీ గోల్‌కీపర్ శ్రీజేష్ మీద పెట్టిన పోస్టులో, టోక్యో ఒలింపిక్స్‌లో గోల్‌పోస్ట్ ఎక్కి కూర్చుని స్టాండ్స్‌లో ఉన్న ఫ్యాన్స్‌కి చేతులూపాడు అని ఉంది కదా, అది తీసేశా. 2021 ఆగస్టు 5న జర్మనీని 5-4తో కొట్టిన ఆ మ్యాచ్‌కి కోవిడ్ వల్ల ప్రేక్షకుల్నే రానివ్వలేదు, ఇంక ఊపడానికి ఎవరున్నారు అక్కడ, చివరి సెకన్లలో జర్మనీకి దొరికిన పెనాల్టీ కార్నర్ (ఫౌల్‌కి గోల్ దగ్గర నుంచి ఇచ్చే కొట్టే ఛాన్స్) ఆపేసి ఆ ఆనందంలో పైకెక్కి కూర్చున్నాడంతే, మనమంతా టీవీల్లో చూసినోళ్లమే. ఫ్యాన్స్ ముందు సంబరం జరిగింది 2024 పారిస్ ఒలింపిక్స్‌లో, స్పెయిన్ మీద 2-1తో గెలిచాక, ఆయనకదే లాస్ట్ మ్యాచ్, గోల్‌పోస్ట్‌కి దండం పెట్టాడు, కెప్టెన్ హర్మన్‌ప్రీత్ ఆయన్ని భుజాల మీద ఎక్కించుకుని తిప్పాడు (ఆ మ్యాచ్‌లో రెండు గోల్సూ హర్మన్‌వే, అది ఎవరూ గుర్తుపెట్టుకోరు పాపం). శ్రీజేష్ వేసుకున్న 16 నంబర్ జెర్సీ సీనియర్ టీమ్‌లో ఇంకెవరికీ ఇవ్వబోమని హాకీ ఇండియా (మన దేశ హాకీ సంఘం) చెప్పిన మాట మాత్రం కరెక్టే, అది అలాగే ఉంచా.